వెరోనికా ఇంటి బుట్ట

పెళ్లయి డబ్లిన్ వచ్చిన కొత్తలో నాకు ప్రతిదీ ముద్దొచ్చేది. లువాస్ ట్రామ్‌లో డ్రైవర్ వెనకాల సీటు దొరికితే ఆ రోజంతా పండగే. ఇక్కడ వంటింటి అల్మారాని ప్రెస్ అంటారని తెలిశాక, అవసరం ఉన్నా లేకపోయినా "ఆ ప్రెస్‌లోంచి పంచదార అందుకో" అని వారం రోజులు త్రినాథ్‌ని వేపుకుతిన్నాను. ఎండా వానా కలిసి వస్తే చేతిలో గరిటెతో సహా బాల్కనీలోకి పరిగెత్తేదాన్ని.

మా ఫ్లాటు శాండీఫోర్డ్‌లో, నాలుగో అంతస్తు. అద్దెది. లీజు కాగితాలతో పాటు ఏజెంటు నాలుగు పేజీల జాబితా ఒకటి చేతిలో పెట్టాడు. టీ చెంచాలు ఆరు, కెటిల్ ఒకటి, డోర్‌మ్యాట్ ఒకటి, కొంచెం అరిగింది. 'కొంచెం అరిగింది' అని రాసినందుకు పడీ పడీ నవ్వాను. నెల తిరక్కుండా ఒక చెంచా పోతే మాత్రం నవ్వు రాలేదు. అచ్చం అలాంటిదాని కోసం మూడు షాపులు తిరిగి, తెచ్చి, డ్రాయర్లో మిగతా అయిదింటి పక్కన పడుకోబెట్టాకే నాకు అన్నం సహించింది. ఇంకొకరి వస్తువు మన దగ్గరుంటే ఎంత జాగ్రత్తగా ఉండాలో మా అమ్మ నేర్పింది కదా అని నా గురించి నేనే మురిసిపోయాను కూడా.

ఆ చెంచా సంగతి ఇప్పుడు తలుచుకుంటే చెవులు వేడెక్కుతాయి. ఎందుకంటే అదే ఇంట్లో, టీవీ పక్కన షెల్ఫు మీద, అప్పటికే వెరోనికా ఇంటి బుట్ట ఉంది.

*

హనీమూన్‌కి మేం ఇండోనేషియా వెళ్లాం. అందరిలాగే బాలిలో నాలుగు రోజులుండి, అక్కణ్నుంచి చిన్న విమానంలో ఫ్లోరెస్ అనే దీవికి. అక్కడ కొండల మీద పాత ఊళ్లున్నాయని త్రినాథ్ ఎక్కడో చదివాడు. జీపు ఒక వాగు దగ్గర ఆగిపోయింది. కిందటేడు వానలకి కొట్టుకుపోయిన రోడ్డు మళ్లీ వెయ్యలేదట. అక్కణ్నుంచి గంటన్నర నడక, వెదురు పొదల్లోంచి, కాఫీ తోటల్లోంచి. మా గైడు ఆగస్టిన్ రబ్బరు చెప్పులతో ముందు చకచకా పోతుంటే, మేం కొత్త ట్రెక్కింగ్ బూట్లతో వెనక ఆయాసపడుతూ వెళ్లాం.

ఊరి పేరు వొలోకేలా. ఎదురెదురుగా రెండు వరసల్లో పద్దెనిమిది ఇళ్లు, మధ్యలో రాళ్లు పరిచిన వాకిలి. ఒక్కో ఇంటి మీదా మనిషికి మూడింతల ఎత్తు గడ్డి కప్పు. ఆ గడ్డి దొరకడం కష్టమై నాలుగైదు ఇళ్లకి రేకులు వేసేశారు. కొండ మీది ఊటనీళ్లు వెదురు గొట్టాల్లోంచి వచ్చి ఊరి చివర ఒక తొట్టిలో పడతాయి. ఇంటికొక సోలార్ దీపం. ఏ తలుపుకీ తాళం లేదు. చిన్న కర్రచీల ఒకటి అడ్డం పెడతారు, అది కూడా కోళ్లు లోపలికి రాకుండా. చాపల మీద కాఫీ గింజలు ఎండబోసి ఉన్నాయి.

"ఇక్కడ ఇళ్లు మనుషులవి కావు," అన్నాడు ఆగస్టిన్. "మనుషులే ఇళ్లవాళ్లు. ప్రతి ఇంటికీ ఒక పేరుంటుంది. తల్లి తర్వాత కూతురు చూసుకుంటుంది. పెళ్లయితే మొగుడే బట్టల మూటతో పెళ్లాం ఇంటికి వస్తాడు."

నేను త్రినాథ్‌ని డొక్కలో పొడిచాను. "విన్నావా. మూట సర్దుకో."

"నాకున్నవి మూడు టీషర్టులు. ఎప్పుడంటే అప్పుడు వస్తా."

ఆగస్టిన్ ఇంకా చెబుతూనే ఉన్నాడు. పొలం, వెదురు తోపు, రోలు, కత్తి, ఇంట్లో ఉన్నవన్నీ ఇంటివేననీ, వాటిని అమ్మడానికి గానీ ఎవరికైనా ఇవ్వడానికి గానీ ఇంట్లో ఏ ఒక్కరికీ హక్కు లేదనీ. నేను అప్పటికే ఫోన్ తీసి, గడ్డి కప్పుల కొసల మీద ఎండని వీడియో తీసుకుంటున్నాను. అతని మాటలు ఆ వీడియోలో స్పష్టంగా వినబడతాయి. ఆ రోజు నాకు వినబడలేదు.

మూడో ఇంట్లో మమ్మల్ని కూర్చోబెట్టారు. ఇంటావిడ పేరు వెరోనికా. యాభై ఏళ్లుంటాయి, సన్నగా, పళ్లన్నీ వక్క ఎరుపు. అందరూ ఆవిణ్ని మామా వెరోనికా అంటుంటే మాకు నవ్వాగలేదు. మామా అంటే వాళ్ల భాషలో అమ్మ. ఆవిడ కూతురు ఎల్సీకి ఇరవై, ఇరవై ఒకటి. దానికి కాస్త ఇంగ్లీషు వచ్చు. ఆగస్టిన్ వాకిట్లోనే ఉండిపోయాడు, వెదురు మోసుకొస్తున్న వాళ్లతో కబుర్లు చెబుతూ. మేం చెక్కనేల మీద బాసింపట్టు వేసుకుని కాఫీ తాగాం, కాల్చిన మొక్కజొన్న తిన్నాం. అప్పుడు వెరోనికా లోపలి గదిలోకి వెళ్లి ఒక బుట్ట తెచ్చింది. మొగలి ఆకులాంటి ఆకుతో అల్లింది, మూతతో సహా దోసిలిలో పట్టేంత. వాడి వాడి నల్లబడింది, అంచు మీద ఎర్రటి వక్క మరకలు. లోపల తమలపాకులు, వక్క ముక్కలు, సున్నం. రెండు చేతులతో నా ముందుకి చాచింది.

నేను అప్పటికి ఆరు వారాల పెళ్లికూతుర్ని. ఆ ఆరు వారాల్లో ఎన్ని గుమ్మాలు ఎక్కానో, ఎన్ని తాంబూలాలు పుచ్చుకున్నానో నాకే గుర్తులేదు. ఆకులు, వక్కలు, పళ్లు, జాకెట్టు ముక్క, వాటితో పాటు వాటిని పెట్టిన బుట్టో, పళ్లెమో, స్టీలు గిన్నో. త్రినాథ్ వాళ్ల పెద్దత్త ఇంట్లో నేను పళ్లు మాత్రం తీసుకుని పళ్లెం అక్కడే పెట్టేస్తే, "పళ్లెంతో సహా పుచ్చుకోవాలమ్మా, వెనక్కిస్తే మా ఇంటిని వద్దన్నట్టు," అని నలుగుర్లో దిద్దింది. ఆ పాఠం నాకు వంటబట్టింది.

లేచి నిలబడ్డాను. చున్నీ కొంగులా సర్దుకున్నాను. బుట్టని రెండు చేతులతో అందుకుని, కళ్లకద్దుకుని, వెరోనికా కాళ్లకి దండం పెట్టి, బ్యాగులో పెట్టుకున్నాను. వెరోనికా నవ్వింది.

త్రినాథ్ ఇదంతా వీడియో తీశాడు.

*

డబ్లిన్ వచ్చాక ఆ వీడియోని రీలు చేసి పెట్టాను. 'సముద్రాల అవతల కూడా మన తాంబూలమే' అని పైన రాసి, వెనక నాదస్వరం కలిపాను. డబ్లిన్ పక్క ఊరు నేస్‌లో ఉండే మంగాదేవి ఆంటీ దాన్ని తనకున్న గ్రూపులన్నింటిలో పెట్టింది. ఆంటీ ఇక్కడికి వచ్చి పద్దెనిమిదేళ్లు. డబ్లిన్ చుట్టుపక్కల తెలుగు పెళ్లికూతుళ్లందరికీ ఆవిడే పుట్టింటి లెక్క. "ఎక్కడికెళ్లినా ఎలా నడుచుకోవాలో ఈ పిల్లని చూసి నేర్చుకోండి," అని కింద రాసింది. నేను ఆ మాటని రోజుకి నాలుగుసార్లు చదువుకున్నాను.

బుట్టని కూడా ఊరుకోనివ్వలేదు. మరకలు పోవాలని గిన్నెల సబ్బు వేసి, స్క్రబ్బర్‌తో తోమి, హీటర్ మీద ఆరబెట్టాను. అది లేత గోధుమ రంగులోకి తేలితే ఎంత సంబరపడ్డానో. ఆ తర్వాత గ్లూ గన్ కొని, అంచు చుట్టూ బంగారు జరీ లేసు, లేసు మీద ముత్యాలు, మూత మీద కుందన్ రాళ్లు అంటించాను. ఉగాదికి నేస్‌లో అందరూ కలిసినప్పుడు పసుపూ కుంకుమా అందులోనే పెట్టి పట్టుకెళ్లాను. ఎక్కడ కొన్నావని ఆరుగురు అడిగారు.

మే నెలలో ఒక గురువారం సిస్టర్ యుస్తీనా మా ఇంటికి వచ్చింది.

పక్క ఫ్లాటులో నోరా అనే ముసలావిడ ఉంటుంది. ఆవిడకి తుంటి ఆపరేషన్ అయినప్పటి నుంచి వారానికోసారి ఒక నన్ చూసి పోతోంది. లిఫ్టులో పలకరింపుల మీద తెలిసింది, ఆ నన్‌ది ఫ్లోరెస్ అని. నాకు కాళ్లు నేలమీద ఆగలేదు. కాఫీకి రమ్మని, చెయ్యి పట్టుకుని లాక్కొచ్చినంత పని చేశాను. గురువారాలు నాకు ఇంటి నుంచే పని. ల్యాప్‌టాప్ మూసి, జంతికలు పెట్టి, "మీకొకటి చూపించాలి," అని బుట్ట తెచ్చి ఆవిడ ముందు పెట్టాను.

సిస్టర్ దాన్ని ముట్టుకోలేదు.

"ఇది మీకు ఎవరు అమ్మారు?" అంది ఇంగ్లీషులో, చాలా నెమ్మదిగా.

"అమ్మలేదు, ఇచ్చారు. వొలోకేలాలో. మీకు తెలుసా ఆ ఊరు?"

"మా ఊరికి రెండు కొండల అవతల."

రీలు చూపించాను. ఆవిడ నాదస్వరం లేని అసలు వీడియో ఉందా అని అడిగింది. ఉంది. రెండుసార్లు చూసింది. ఫోన్ బల్ల మీద పెట్టి, చేతులు ఒళ్లో పెట్టుకుంది.

"అతిథి వస్తే ఇంటి బుట్ట ముందు పెడతాం. అందులోంచి ఒక వక్క తీసుకుంటే మీరు ఆ ఇంటికి వచ్చినట్టు. తీసుకుని, బుట్ట మళ్లీ వాళ్ల చేతుల్లో పెట్టాలి."

ఫోన్ మళ్లీ చేతిలోకి తీసుకున్నాను. "కానీ ఆవిడే ఇచ్చారేమో సిస్టర్. చూడండి, నవ్వుతున్నారు కదా."

"మేం నవ్వుతాం," అంది సిస్టర్.

"అడగొచ్చు కదా మరి."

"అతిథి చేతిలోంచా. అలా అడిగిన ఇల్లని పేరొస్తే తరాలు గడిచినా పోదు."

"ఇంకొకటి అల్లుకోలేరా?" ఈ మాట అన్నది నేనే. ఆ పూట నేనన్నవన్నీ ఇప్పుడు ఒక్కొక్కటే గుర్తొస్తుంటాయి.

"రెండు రోజుల పని. కానీ అది అల్లినావిడదవుతుంది. ఇంటిది కాదు. ఇది ఎవరు అల్లారో ఆ ఇంట్లో ఇప్పుడున్నవాళ్లకి తెలియదు. ఆ అమ్మాయి ఉంది చూశారా, తలుపు దగ్గర? ఆమెకి సంబంధం వస్తే, అబ్బాయి వైపు వాళ్లకి ఈ బుట్టలోంచే వక్క ఇవ్వాలి. అప్పుడే అతను ఆ ఇంట్లోకి రావచ్చు. పొలం పని పంచుకోవచ్చు. ఇది లేకపోతే అక్కడ పెళ్లి మాటే ఉండదు."

లేస్తూ ఒక్కటే అడిగింది. "దీని రంగు ఏమైంది?"

"కడిగాను," అన్నాను.

*

త్రినాథ్ ఆరింటికి వచ్చాడు. బూట్లు విప్పకముందే సోఫాలో కూర్చోబెట్టి వీడియో పెట్టాను. ఈసారి నన్ను నేను చూసుకోలేదు. అప్పటిదాకా ఆ వీడియో కనీసం వందసార్లు చూసుంటాను, వందసార్లూ నా చున్నీ, నా గాజులు, నేను వంగిన తీరు.

నేను బుట్ట తీసుకున్నాక కూడా వెరోనికా చేతులు అలాగే చాచి ఉన్నాయి. నేను కళ్లకద్దుకుంటున్నాను, చేతులు అలాగే ఉన్నాయి. నేను వంగి దండం పెడితే ఆవిడ నా తల మీదుగా చూస్తోంది, నేను లేచి బుట్ట తిరిగిస్తానని. నేను బ్యాగు జిప్పు తీస్తున్నాను. తలుపు దగ్గర్నుంచి ఎల్సీ ముందుకొచ్చి ఏదో అనబోయింది. వెరోనికా మొహం తిప్పకుండానే, చాచిన చేతుల్లోంచి ఒకటి వెనక్కి తీసి, కూతురి మోచెయ్యి పట్టుకుంది. రెండో చెయ్యి అప్పటికీ ముందుకే ఉంది, అరచెయ్యి పైకి. అప్పుడు నా గొంతు వినబడింది. "చాలు, ఆపెయ్." అక్కడితో వీడియో అయిపోయింది.

త్రినాథ్ ఫోన్ నా చేతికిచ్చి బూటు లేసులు విప్పుకోవడం మొదలుపెట్టాడు. మరీ నెమ్మదిగా విప్పుతున్నాడు.

"నీకు తెలుసా?" అన్నాను.

"తెలుసని కాదు ఊర్మీ."

"మరి?"

"ఏదో తేడాగా ఉందనిపించింది. ఆ అమ్మాయి మొహం చూస్తే." తల ఎత్తలేదు. "నువ్వేమో అంత వెలిగిపోతున్నావు. పెళ్లయి నెలన్నర. అక్కడ నిలబెట్టి, 'అది వెనక్కిచ్చెయ్, నీకు తెలియదు,' అని ఎలా అనను?"

"అనాల్సింది."

"అనాల్సిందే."

నాకు వాడి మీద కోపం తెచ్చుకోవాలని చాలా కోరికగా ఉంది. రాలేదు. ఇద్దరం ఒకే బెంచీ మీద నిలబెట్టిన పిల్లల్లా ఉన్నాం.

బుట్ట లేసు ఊడదీయడానికి రెండు రోజులు పట్టింది. హెయిర్ డ్రయ్యర్‌తో జిగురు వేడిచేసి, చిన్న కత్తెరతో దారం దారం లాగాను. ముత్యాలు వచ్చేశాయి. కుందన్ రాళ్లు రెండు మాత్రం ఆకుని పట్టుకుని వదల్లేదు. లాగితే ఆకు చీలింది, రెండుచోట్ల. అంచు చుట్టూ జిగురు తెల్లటి మచ్చల్లా మిగిలిపోయింది. కాఫీ డికాషన్‌తో రంగు తెప్పిద్దామని దూది కూడా తడిపాను. త్రినాథ్ నా మణికట్టు పట్టుకున్నాడు. "ఇంకేం చెయ్యకు దానికి," అన్నాడు. దూది పారేశాను.

రీలు తీసేశాను. ఎవరూ గమనించకూడదని మంగళవారం మధ్యాహ్నం, అందరూ ఆఫీసుల్లో ఉండే వేళ చూసి తీశాను. అంత సిగ్గులోనూ ఆ తెలివితేటలు మాత్రం పోలేదు.

*

అక్కడి జిల్లా కేంద్రంలో ఉన్న ఒక చర్చి ఫాదర్ ద్వారా సిస్టర్ కబురు పంపించింది. వొలోకేలాలో సిగ్నల్ లేదు. ఊరి పైనున్న కొండ నెత్తికెక్కితే వస్తుంది. ఆదివారం పొద్దున పదింటికి, వాళ్లకి సాయంత్రం అయిదు, మా హాల్లో సిస్టర్ ఫోన్‌లో ఎల్సీ మొహం కనబడింది. జుట్టంతా గాలికి ఎగురుతోంది. పక్కనే వెరోనికా, శాలువా కప్పుకుని, ఎక్కి వచ్చిన ఆయాసంతో. ఆవిడ నన్ను చూసి మళ్లీ నవ్వింది. నాకు ఆ నవ్వు వైపు చూడటం చేతకాలేదు.

నేను చెప్పాల్సింది ముందే రాసుకున్నాను. మా ఊళ్లో తాంబూలం ఎలా పుచ్చుకుంటామో, పళ్లెం వెనక్కిస్తే ఎందుకు తప్పో, అందువల్ల ఎలా పొరపాటు జరిగిందో. రాసుకున్నదాంట్లో జిగురు సంగతి లేదు. సిస్టర్ ఒక్కొక్క మాటా వాళ్ల భాషలోకి మార్చింది. కాగితం అయిపోయాక సిస్టర్ నా వైపు చూసింది. ఇంకా ఏమైనా ఉందా అని అడగలేదు.

"దాన్ని సబ్బుతో కడిగాను," అన్నాను. "మరకలన్నీ పోయాయి. జిగురుతో లేసు అంటించాను. తీస్తుంటే రెండుచోట్ల చీలింది. దాన్ని నలుగురికీ చూపించి మెప్పులు పొందాను."

సిస్టర్ చెప్పింది. ఎల్సీ అటు తిరిగిపోయింది. వెరోనికా ఏదో అడిగింది.

"చిరిగింది అడుగునా, అంచునా అంటోంది."

"మూత మీద."

వెరోనికా ఊపిరి వదిలింది. తర్వాత మాట్లాడింది, నిదానంగా, మధ్య మధ్య ఆగుతూ. సిస్టర్ ఆ ఆగిన చోటల్లా అందుకుంది.

"బుట్ట పోయిందని మేం ఎవరికీ చెప్పలేదు. ఊరెళ్లిందని చెప్పాం. జనవరిలో ఎల్సీ కోసం అవతలి ఊరివాళ్లు వచ్చారు. బుట్ట వచ్చాక రమ్మన్నాం. మళ్లీ ఈస్టర్‌కి వచ్చారు. మళ్లీ అదే చెప్పాం. ఆగస్టు దాకా చూస్తాం అన్నారు. మంచివాళ్లు. కానీ వాళ్లూ ఇంకో ఇల్లు చూసుకోవాలి కదా."

"కొరియర్‌లో రేపే పంపిస్తాను," అన్నాను. "లేదా సిస్టర్, మీరు జూలైలో మీ ఊరికి వెళ్తున్నారు కదా, మీరు..."

సిస్టర్ ఆ మాట అటు చేరవేసింది. వెరోనికా తల అడ్డంగా ఊపి రెండు ముక్కలు చెప్పింది. సిస్టర్ కప్పులో చల్లారిన కాఫీ వైపు చూసింది.

"చెప్పండి సిస్టర్."

"తీసుకెళ్లిన చేతులే తేవాలంటోంది. అతిథి తీసుకెళ్లింది అతిథే తెస్తే, బుట్ట ఊరెళ్లి వచ్చినట్టు. ఇంకెవరైనా తెస్తే, పోయిన సొమ్ము దొరికినట్టు."

త్రినాథ్ నా వెనక నిలబడి ఉన్నాడు. ఆగస్టులో మేం పోర్చుగల్ వెళ్లాలనుకున్నాం, సెలవు పెట్టేశాం, సముద్రం కనబడే గది కోసం నేను నెల రోజులు వెతికాను. "ఆగస్టు మొదటి వారం వస్తున్నామని చెప్పండి," అన్నాడు త్రినాథ్, నన్ను అడక్కుండానే. నన్ను అడగనందుకు ఆ క్షణంలో నాకు వాడి మీద కలిగిన ప్రేమ ఎంతో నేను ఎప్పుడూ చెప్పలేదు.

ఫోన్ పెట్టేముందు వెరోనికా ఇంకో మాట చెప్పింది. అప్పటిదాకా బుట్టని ఖాళీగా ఉంచొద్దని. ఇంటికి ఎవరైనా వస్తే ముందు పెట్టమని. "వాడకపోతే అది మరిచిపోతుందట," అంది సిస్టర్. ఆవిడ నవ్వకుండా చెప్పింది.

*

మంగాదేవి ఆంటీ ఆ వచ్చే శనివారం గోంగూర పచ్చడి సీసా పట్టుకుని దిగింది.

"ఏంటే, రీలు కనబడట్లేదు? మా చెల్లెలి కోడలికి చూపిద్దామని వెతికితే లేదు."

"ఫోన్‌లో చోటు లేదని తీసేశానాంటీ."

"ఫోన్‌లో చోటుకీ రీలుకీ ఏంటి సంబంధం. సరేలే. ఆగస్టులో వరలక్ష్మీ వ్రతం మా ఇంట్లో, ముందే చెబుతున్నా. నీ మొదటి వ్రతం. ఆ బుట్ట పట్టుకుని పొద్దున్నే వచ్చెయ్యాలి."

"ఆగస్టులో ఆఫీసు పని ఉందాంటీ. ఇద్దరికీ."

"వ్రతం రోజున ఆఫీసేంటి. ఏం త్రినాథ్, నువ్వైనా చెప్పు."

త్రినాథ్ ఫ్రిజ్‌లో ఏదో చాలా ముఖ్యమైనదాని కోసం వెతుకుతున్నట్టు తల లోపల పెట్టాడు.

ఆంటీ టీ తాగింది, నా చపాతీలు ఇంకా ఆస్ట్రేలియా పటంలాగే ఉన్నాయా అని అడిగింది, నోరా కుక్క మీద ఫిర్యాదు చేసింది. వెళ్లడానికి లేచి కోటు వేసుకుంది. నేను బొట్టు పెట్టాను. అప్పుడు వెరోనికా చెప్పిన మాట గుర్తొచ్చింది. ఇంటికి ఎవరైనా వస్తే ముందు పెట్టమంది. ఇండియన్ షాపు నుంచి తెచ్చిన తమలపాకులు, వక్కలు బుట్టలో ఉన్నాయి. రెండు చేతులతో పట్టుకుని ఆంటీ ముందుకి చాచాను.

"అయ్యో, లేసంతా తీసేశావేంటి, ఎంత బాగుండేది," అంటూ ఆంటీ బుట్టని రెండు చేతులతో అందుకుంది. కళ్లకద్దుకుంది. "దీర్ఘసుమంగళీభవ," అని నా తల మీద చెయ్యి పెట్టింది. బుట్టని హ్యాండ్‌బ్యాగులో పెట్టుకుని జిప్పు లాగింది. "మళ్లీ అలంకరించి పంపిస్తాలే," అంది.

నా చేతులు చాచినట్టే ఉన్నాయి.

ఒక మాట అంటే చాలు. 'ఆంటీ, ఆకు తీసుకుని బుట్ట ఇచ్చెయ్యండి.' నా భాష, నా మనిషి, నా ఇల్లు. అయినా నా తల మీద చెయ్యి పెట్టిన మనిషిని బ్యాగు తెరవమని ఎలా అనను? ఆవిడ మొహం ఎంత సంతోషంగా ఉందో. ఆంటీ చెప్పుల కోసం వంగింది. ఫ్రిజ్ తలుపు పక్కనుంచి త్రినాథ్ నన్ను చూస్తున్నాడు. వాడు అనడానికి నోరు తెరిచాడు. నేను వద్దని తల ఊపాను. ఇది వాడు అనకూడదు.

"ఆంటీ," అన్నాను.

"ఊఁ."

"అది నాది కాదు."

ఆంటీ ఒక చెప్పు చేతిలో పట్టుకుని లేచింది. "ఏది?"

"బుట్ట. నాకు వాళ్లు ఇవ్వలేదాంటీ. నేనే తీసుకొచ్చేశాను."

గుమ్మంలో నిలబడే చెప్పాను. మొత్తం చెప్పాను, సబ్బు దగ్గర్నుంచి ఎల్సీ సంబంధం దాకా. ఆగస్టులో ఆఫీసు పని లేదనీ, ఎక్కడికి వెళ్తున్నామో, ఎందుకు వెళ్తున్నామో కూడా. మధ్యలో ఎక్కడో 'మీరు' 'నువ్వు' కలిసిపోయి త్రినాథ్‌ని ఆంటీ ముందు ఏకవచనంలో కూడా పిలిచేశాను. ఎవరూ పట్టించుకోలేదు.

ఆంటీ చెప్పు కింద పెట్టింది. బ్యాగు జిప్పు తీసింది. బుట్టని బయటికి తీసి, మూత మీద చీలిన చోట వేలితో ఒకసారి తడిమింది.

"నాలుగు గ్రూపుల్లో పెట్టానే నేను," అంది. "నిన్ను చూసి నేర్చుకోమన్నాను."

"తెలుసాంటీ."

"ఇప్పుడు ఈ సంగతి కూడా ఆ నాలుగు గ్రూపుల్లో నువ్వే చెప్పాలి. నేను చెప్పను. నాకు సిగ్గుగా ఉంది."

"చెబుతాను."

ఆవిడ బుట్టలోంచి ఒక్క తమలపాకు, ఒక్క వక్క తీసుకుంది. బుట్టని మళ్లీ నా రెండు చేతుల్లో పెట్టింది. అది చాలా తేలిక. ఇన్నాళ్లూ ఎన్నిసార్లు ఎత్తానో, అంత తేలికని ఎప్పుడూ అనిపించలేదు. జిగురు మచ్చ ఒకటి నా బొటనవేలి కింద గరుగ్గా తగిలింది.

ఆంటీ నా చేతుల వైపే చూస్తోంది.

"ఆవిడ ఎంతసేపు అలా నిలబడింది?" అంది.

"వీడియోలో పదకొండు సెకన్లు ఆంటీ," అన్నాను. "తర్వాత నేనే ఆపెయ్యమన్నాను."